హనుక్కా: ఆధునిక కాలంలో, మతాంతర కుటుంబాల్లో

హనుక్కా యూదులు ఎనిమిది రాత్రులు జరుపుకునే దీపాల పండుగ. హీబ్రూ పంచాంగంలో కిస్లేవ్ నెల 25న మొదలవుతుంది. అది చాంద్రసౌరమాన పంచాంగం. మనకు అధిక మాసం వచ్చినట్టే అందులోనూ 19 ఏళ్లకు ఏడుసార్లు ఒక నెల అదనంగా చేరుతుంది. అందుకే ఇంగ్లిషు తేదీల ప్రకారం ఈ పండుగ ఒక ఏడు నవంబరు చివర్లో, మరో ఏడు డిసెంబరు చివర్లో వస్తుంది. ఎప్పుడు వచ్చినా ఎనిమిది రాత్రుల మధ్యలో అమావాస్య పడుతుంది. దీపావళితో దీనికి చారిత్రక సంబంధం ఏమీ లేదు. అయినా చలికాలపు చీకటి రాత్రుల్లో దీపాల వరస పెట్టుకునే పండుగ అంటే తెలుగువారికి వెంటనే మనసుకు పడుతుంది. తెలుగు బైబిలు చదివేవారికి దీని పేరు కూడా పరిచయమే. యోహాను సువార్త పదో అధ్యాయంలో వచ్చే ‘ఆలయ ప్రతిష్ఠిత పండుగ’ ఇదే. హీబ్రూలో హనుక్కా అంటే ప్రతిష్ఠ.

శాస్త్రం ప్రకారం ఇది చిన్న పండుగ. పస్కాకు, ప్రాయశ్చిత్త దినమైన యోం కిప్పూరుకు ఉన్నట్టు దీనికి పని మానేయాలన్న నియమం లేదు. అయినా గత నూటయాభై ఏళ్లలో యూదుల పండుగలన్నిటిలోకి ఎక్కువగా రూపు మార్చుకున్నది, యూదులు కానివారి కంట ఎక్కువగా పడినది ఇదే. క్రిస్మస్ రోజుల్లో రావడమే ఇందుకు కారణమని చాలామంది అంటారు. అందులో సగమే నిజం. ఈ పండుగలోనే మొదటినుంచీ ఒక ప్రశ్న ఉంది: దీపం ఎక్కడ పెట్టాలి, ఎవరికి కనిపించాలి? ఒక్కో కాలం, ఒక్కో దేశం ఆ ప్రశ్నకు ఇచ్చిన జవాబులే హనుక్కా ఆధునిక చరిత్ర.

మూలం, రెండు కథలు

క్రీ.పూ. రెండో శతాబ్దంలో యూదయ ప్రాంతం సిరియాలోని సెల్యూకసు వంశపు రాజుల ఏలుబడిలో ఉండేది. నాలుగో ఆంటియోకస్ యూదుల ఆచారాలను నిషేధించి, యెరూషలేము దేవాలయంలో గ్రీకు దేవతారాధన పెట్టించాడు. మోదీన్ అనే ఊరికి చెందిన మత్తతియ అనే యాజకుడు తిరుగుబాటు లేవదీశాడు. ఆయన తర్వాత కొడుకు యూదా మక్కబీ నాయకత్వం వహించి, క్రీ.పూ. 164లో ఆలయాన్ని తిరిగి పట్టుకుని, శుద్ధి చేసి, పునఃప్రతిష్ఠ చేశాడు. పోరాటం పరాయి రాజుతో మాత్రమే జరగలేదు. గ్రీకు పద్ధతులవైపు మొగ్గిన యూదులకూ, వాటిని తోసిపుచ్చిన యూదులకూ మధ్య కూడా జరిగింది. ఈ సంగతి మతాంతర కుటుంబాల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అవసరపడుతుంది.

ఈ యుద్ధ కథ మక్కబీయుల గ్రంథాల్లో ఉంది. ఆ గ్రంథాలు యూదుల లేఖనాల్లో చేరలేదు. గ్రీకు భాషలో, క్యాథలిక్, ఆర్థడాక్స్ క్రైస్తవుల బైబిళ్లలో నిలిచాయి. అందరూ చెప్పుకునే నూనె కథ వాటిలో లేదు. ఒక్కరోజుకు సరిపడే పవిత్ర తైలం ఎనిమిది రోజులు వెలిగిందన్న కథ కొన్ని శతాబ్దాల తర్వాత, యూదు ధర్మశాస్త్ర చర్చల సంకలనమైన తల్మూదులో కనిపిస్తుంది. తిరుగుబాట్లు అణగారి, ఆలయం కూలి, చెల్లాచెదురైన జనానికి రబ్బీలు, అంటే యూదు మతగురువులు, కత్తి కథకన్నా నూనె కథనే ఎక్కువగా అందించారు. అలా హనుక్కాకు రెండు కథలు దక్కాయి. తర్వాతి తరాలు తమకు ఏది అవసరమైతే దాన్ని ముందుకు తెచ్చుకున్నాయి.

తల్మూదు చెప్పే విధి సూటిగా ఉంటుంది. దీపాన్ని ఇంటి గుమ్మం బయట పెట్టాలి. మేడమీద ఉండేవారు వీధివైపు కిటికీలో పెట్టాలి. ఆపద కాలమైతే లోపల బల్లమీద పెట్టుకుంటే చాలు. అద్భుతాన్ని నలుగురికీ చాటడమే దీపం పని. ఆ వెలుగులో చదువుకోకూడదు, పని చేసుకోకూడదు, చూడటానికే దాన్ని వాడాలి. అందుకే ఎనిమిది దీపాల పక్కన ‘షమాష్’ అనే తొమ్మిదో దీపం ఉంటుంది. మిగతావాటిని దానితోనే ముట్టిస్తారు. మొదటి రాత్రి ఎనిమిది వెలిగించి రోజుకొకటి తగ్గించాలని షమ్మాయి శిష్యులు, ఒకటితో మొదలుపెట్టి రోజుకొకటి పెంచాలని హిల్లేలు శిష్యులు వాదించారు. పెంచే పద్ధతే నిలిచింది. తల్మూదులో మరోచోట ఒక వ్యాజ్యం ఉంది. అవిసె నార మోసుకుపోతున్న ఒంటె దుకాణం ముందునుంచి వెళ్తుంటే, బయట పెట్టిన దీపం అంటుకుని మంటలు లేస్తే నష్టం ఎవరిది? దీపం బయట పెట్టిన దుకాణదారుదే. అది హనుక్కా దీపమైతే మాత్రం అతని తప్పు లేదంటాడు రబ్బీ యూదా. దీపం వీధిలో ఉండటాన్ని ఆనాటివారు ఎంత సహజంగా తీసుకున్నారో ఈ చిన్న తగవు చెబుతుంది.

వంటింటి మార్పులు

నూనెను తలుచుకుంటూ నూనెలో వేయించిన పిండివంటలు తినడం పాత అలవాటే. ఏమి వేయించాలన్నది మాత్రం ఏ ఊరి పంటను బట్టి ఆ ఊరిది. మొరాకో యూదుల ‘స్ఫెంజ్’ మన గారెలా మధ్యలో చిల్లుతో ఉంటుంది, పిండి మాత్రం పులిసిన గోధుమపిండి. స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడిన సెఫర్దీ యూదుల ఇళ్లలో పాకంలో ముంచిన ‘బిమ్వెలోస్’ చేస్తారు. ఇవాళ హనుక్కా అనగానే గుర్తొచ్చే ‘లాట్కె’, అంటే బంగాళాదుంప తురుముతో వేసే అట్టు, అంత పాతదేమీ కాదు. బంగాళాదుంప అమెరికా ఖండం నుంచి వచ్చి, తూర్పు ఐరోపా పేదల ప్రధాన ఆహారమయ్యాకే, అంటే 19వ శతాబ్దంలోనే, అది స్థిరపడింది. అంతకుముందు ఇటలీలో జున్నుతో వేసేవారు. ట్యునీసియా, లిబియా యూదులు హనుక్కాలో పడే తేవేత్ నెల మొదటి రోజును ఆడపిల్లల పండుగగా చేసుకునేవారు. అమ్మాయిలకు కానుకలిచ్చి, ఆడవాళ్లంతా కలిసి సంబరం చేసుకునే ఆ ఆచారాన్ని ఇజ్రాయెల్‌లోనూ, ఇతర చోట్లా ఈ మధ్య మళ్లీ బతికిస్తున్నారు.

పిల్లలు ఆడే నాలుగు ముఖాల బొంగరం ‘డ్రైడెల్’ జర్మనీ ప్రాంతపు జూదపు ఆట నుంచి వచ్చింది. దాని మీద నన్, గిమెల్, హే, షిన్ అక్షరాలు మొదట ఆట నియమాలకు గుర్తులు: ఏమీ రాదు, అంతా నీదే, సగం తీసుకో, పందెం కట్టు. అక్కడ గొప్ప అద్భుతం జరిగింది అనే హీబ్రూ వాక్యంలోని మొదటి అక్షరాలుగా వాటిని తర్వాత చదువుకున్నారు. ఇజ్రాయెల్‌లో తయారయ్యే బొంగరాల మీద చివరి అక్షరం మారి ‘అక్కడ’ అనే మాట ‘ఇక్కడ’ అయింది.

ఇంట్లోకి వచ్చిన చెట్టు

క్రిస్మస్‌తో హనుక్కా ఇరుగుపొరుగుతనం అమెరికాలో మొదలైందనుకోవడం పొరపాటు. 1814లోనే వియన్నాలో ఫానీ ఫాన్ ఆర్న్‌స్టైన్ అనే యూదు కుటుంబపు గృహిణి తన ఇంట క్రిస్మస్ చెట్టు నిలబెట్టింది. ఆ నగరంలో అలాంటి చెట్లు పెట్టిన తొలి ఇళ్లలో ఒకటిగా దాన్ని చెబుతారు. 19వ శతాబ్దంలో పౌరహక్కులు పొంది, జర్మన్ మధ్యతరగతిలో కలిసిన యూదుల ఇళ్లలో చెట్టు మామూలైంది. వారిలో చాలామందికి అది యేసు పుట్టుకకన్నా జర్మన్ ఇంటి మర్యాదకు గుర్తు. ఈ కలగలుపుకే ‘వైనుక్కా’ అన్న పేరు వచ్చింది. జర్మన్‌లో క్రిస్మస్‌ను వైనాఖ్టెన్ అంటారు, దాన్ని హనుక్కాతో అతికించారు.

యూదుల దేశం కావాలన్న ఉద్యమానికి ఆద్యుడైన థియొడోర్ హెర్జ్‌ల్ ఇంట్లో 1895 డిసెంబరులో చెట్టు దీపాలు వెలిగిస్తుండగా వియన్నా ప్రధాన రబ్బీ మోరిట్జ్ గ్యూడెమాన్ వచ్చాడు. ఆయన నొచ్చుకున్నాడు. రెండేళ్ల తర్వాత అదే హెర్జ్‌ల్, మరచిపోయిన దీపాన్ని పిల్లల కోసం మళ్లీ ముట్టించే ఒక కళాకారుడి కథ రాశాడు. కథ పేరు ‘మెనోరా’. యూదు మార్మికతను పరిశోధించిన గెర్షోం షోలెం బాల్యం బెర్లిన్‌లో గడిచింది. 1911లో తల్లి ఆయనకు హెర్జ్‌ల్ చిత్రపటం కానుకగా ఇచ్చింది, అదీ క్రిస్మస్ చెట్టు కింద పెట్టి. ఒక సమాజం తనను తాను ఎన్నిరకాలుగా ఊహించుకుంటోందో ఆ ఒక్క కానుకలో కనిపిస్తుంది.

దీపాన్ని బల్లమీదికి తోసే ఆపద మళ్లీ వచ్చింది. జర్మనీలోని కీల్ నగరంలో 1931 హనుక్కా రోజుల్లో రబ్బీ అకీవా పోస్నర్ భార్య రేచెల్, తమ కిటికీలోని తొమ్మిది కొమ్మల దీపస్తంభాన్ని ఫొటో తీసింది. వీధికి అవతల నాజీ పార్టీ కార్యాలయం మీద స్వస్తిక జెండా వేలాడుతోంది. గదిలోపలి దీపం, బయటి జెండా ఒకే చట్రంలో పడ్డాయి. కుటుంబం 1933లో జర్మనీ వదిలి ప్రాణాలు దక్కించుకుంది, ఆ దీపస్తంభమూ వెంట వెళ్లింది. 2022 డిసెంబరులో అది కొన్నాళ్లపాటు జర్మనీ తిరిగి వచ్చింది. బెర్లిన్‌లోని దేశాధ్యక్షుడి నివాసంలో పోస్నర్ వారసులు, అధ్యక్షుడు స్టైన్‌మయర్ సమక్షంలో దాన్ని వెలిగించారు.

అమెరికాలో పెరిగిన పండుగ

అమెరికాలో 19వ శతాబ్దం మధ్యనాటికి హనుక్కా చాలా ఇళ్లలో మూలపడిపోయింది. దాన్ని మళ్లీ లేపింది పిల్లల మీద బెంగ. సిన్సినాటి రబ్బీలు ఐజాక్ మేయర్ వైజ్, మ్యాక్స్ లిలియంథాల్ పిల్లల కోసం ప్రార్థనాలయమైన సినగాగ్‌లో హనుక్కా వేడుక మొదలుపెట్టి, తమ పత్రికల ద్వారా దేశమంతా ప్రచారం చేశారు. 1879 డిసెంబరులో న్యూయార్క్‌లోని యూదు యువజన సంఘం నగరంలోని అకాడమీ ఆఫ్ మ్యూజిక్ రంగశాలలో మక్కబీయుల ఘట్టాలతో పెద్ద ప్రదర్శన జరిపింది. అంతర్యుద్ధం ముగిసిన దేశంలో స్వేచ్ఛ కోసం పోరాడిన వీరుల కథ చక్కగా అతికింది. తాము పూర్తిగా అమెరికన్లమనీ, పూర్తిగా యూదులమనీ ఒకేసారి చెప్పుకోవడానికి ఆ కథ పనికొచ్చింది.

1881 తర్వాత తూర్పు ఐరోపా నుంచి లక్షలాది యూదులు వచ్చారు. వాళ్ల వెంట యిద్దిష్ భాష, లాట్కె, ‘గెల్ట్’ వచ్చాయి. గెల్ట్ అంటే డబ్బు. పండుగనాడు పిల్లలకు, పంతుళ్లకు చిల్లర నాణేలు ఇచ్చే అలవాటు. 1920లలో లాఫ్ట్ అనే అమెరికన్ మిఠాయి కంపెనీ బంగారు రేకు చుట్టిన చాక్లెట్ నాణేలు తెచ్చింది. 1911లో బజారులోకి వచ్చిన క్రిస్కో, పశువుల కొవ్వు కలవని వంట కొవ్వుగా, యూదు గృహిణులను ఉద్దేశించి ప్రత్యేకంగా ప్రకటనలు ఇచ్చింది. నాణేలు పోయి కానుకలు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూదు కుటుంబాలు నగర పేటలు వదిలి శివారు కాలనీలకు మారాయి. పక్కిళ్లన్నీ క్రిస్మస్ దీపాలతో మెరుస్తుంటే తమ పిల్లలు చిన్నబుచ్చుకోకూడదని రాత్రికొక కానుక చొప్పున ఎనిమిది ఇవ్వడం అక్కడే పాతుకుపోయింది. దీన్ని వ్యాపారానికి లొంగిపోవడంగా మాత్రమే చూడటం న్యాయం కాదు. చరిత్రకారిణి డయాన్ ఆష్టన్ 2013లో ప్రచురించిన ‘హనుక్కా ఇన్ అమెరికా’ చూపినట్టు, ఈ పండుగను మోసింది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లు, బడి పంతుళ్లు. పిల్లలు తాము యూదులమని సంతోషంగా అనుకోవాలన్నదే వాళ్ల కోరిక.

కూడలిలో దీపం

1970ల దాకా అమెరికాలో హనుక్కా దీపం ఇంటి కిటికీ పెద్దగా దాటలేదు. దాటించింది హసిదీ సంప్రదాయానికి చెందిన ఖబాద్ లుబావిచ్ ఉద్యమం. దాని గురువు మెనాఖెం మెండెల్ ష్నీర్సన్ ప్రేరణతో 1974లో రబ్బీ ఏబ్రహాం షెమ్‌టోవ్ ఫిలడెల్ఫియాలో లిబర్టీ బెల్ దగ్గర ఒక చిన్న చెక్క దీపస్తంభం వెలిగించాడు. మరుసటి ఏడు శాన్‌ఫ్రాన్సిస్కోలోని యూనియన్ స్క్వేర్‌లో పెద్ద స్తంభం లేచింది. దాని వెనుక ఉన్నది రాక్ సంగీత కచేరీల నిర్వాహకుడు బిల్ గ్రాహం, బాల్యంలో నాజీల నుంచి తప్పించుకుని వచ్చినవాడు. 1979లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ శ్వేతసౌధం ఎదుటి తోటలో దీపం ముట్టించాడు. ఇరాన్‌లో అమెరికన్లు బందీలుగా ఉన్న ఆ రోజుల్లో ఆయన బహిరంగ కార్యక్రమాలకు బయటికి రావడమే అరుదు.

బహిరంగ స్థలాల్లో దీపం పెట్టడాన్ని ఎక్కువగా వ్యతిరేకించినవారిలో యూదు సంస్థలే ఉన్నాయి. ప్రభుత్వ స్థలంలో శిలువ వద్దని వాదించేవాళ్లు తమ దీపానికి మాత్రం చోటు అడగడం ఎలా కుదురుతుందన్నది వాళ్ల ప్రశ్న. వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. 1989 నాటి అలెగెనీ కౌంటీ కేసులో, పిట్స్‌బర్గ్‌లోని కోర్టు భవనం లోపల ఒంటరిగా పెట్టిన యేసు జన్మదృశ్యం రాజ్యాంగ విరుద్ధమని, మరో ప్రభుత్వ భవనం ఎదుట 45 అడుగుల క్రిస్మస్ చెట్టు పక్కన నిలిపిన 18 అడుగుల దీపస్తంభం మాత్రం ఉండవచ్చని కోర్టు తేల్చింది. చెట్టు పక్కన ఉండటమే దీపాన్ని కాపాడింది. శీతకాలపు పండుగల సామూహిక గుర్తుల్లో ఒకటిగా దాన్ని లెక్కించారు. గెలిచినవారికి సైతం ఇది ఆలోచించుకోవలసిన తీర్పు. చోటు దొరికిందిగానీ, మతపరమైన అర్థం కొంత పలచబడిన మీదటే దొరికింది.

2001లో జార్జ్ బుష్ శ్వేతసౌధం నివాస భాగంలో తొలిసారి హనుక్కా దీపం పెట్టించాడు. 2022లో శ్వేతసౌధపు వడ్రంగులే ట్రూమన్ కాలపు మరమ్మతుల్లో మిగిలిన కలపతో శాశ్వతంగా ఉండే దీపస్తంభం చేశారు. ఇవాళ బెర్లిన్‌లోని బ్రాండెన్‌బర్గ్ ద్వారం మొదలుకొని ఎన్నో రాజధానుల కూడళ్లలో దీపాలు వెలుగుతున్నాయి. 1993 డిసెంబరులో హబుల్ టెలిస్కోపును బాగుచేయడానికి వెళ్లిన వ్యోమగామి జెఫ్రీ హాఫ్‌మన్ అంతరిక్ష నౌకలో డ్రైడెల్ తిప్పాడు. భారం తెలియని ఆ చోట బొంగరం ఏ పక్కకూ పడదు.

ఆ డిసెంబరులోనే మాంటానా రాష్ట్రంలోని బిల్లింగ్స్‌లో హనుక్కా దీపం బొమ్మ అంటించిన ఒక పిల్లవాడి కిటికీలోంచి రాయి వచ్చి పడింది. స్థానిక పత్రిక ‘బిల్లింగ్స్ గెజెట్’ పేజీ నిండా దీపస్తంభం బొమ్మ వేసింది. యూదులు కొద్దిమందే ఉన్న ఆ ఊళ్లో వేలాది క్రైస్తవ కుటుంబాలు దాన్ని తమ కిటికీలకు అంటించుకున్నాయి. అద్భుతాన్ని చాటే పని పొరుగువాళ్లు తమ చేతుల్లోకి తీసుకున్న సందర్భం అది. ఆపద మాత్రం తొలగిపోలేదు. 2025 డిసెంబరు 14న, పండుగ మొదటి సాయంత్రం, సిడ్నీలోని బాండై బీచ్‌లో జరుగుతున్న హనుక్కా వేడుకపై దుండగులు కాల్పులు జరిపి 15 మందిని చంపారు. తుపాకీ పట్టుకున్నవారిలో ఒకడిమీద పడి ఆయుధం లాక్కున్నది సిరియా నుంచి వలస వచ్చిన ఒక ముస్లిం. గుమ్మంలో పెట్టాలా, బల్లమీద పెట్టుకోవాలా అన్న తల్మూదు ప్రశ్న పాతబడలేదు.

మతాంతర కుటుంబాలు

అమెరికన్ యూదుల్లో 1970కి ముందు పెళ్లయినవారిలో యూదేతరులను చేసుకున్నవారు 17 శాతం అని ప్యూ పరిశోధనా కేంద్రం 2013లో లెక్క తేల్చింది. అదే సంస్థ 2020 సర్వేలో, 2010 తర్వాత పెళ్లయినవారిలో ఇది 61 శాతం. 2013 సర్వే ప్రకారం తమ ఇంట క్రిస్మస్ చెట్టు పెట్టామన్న యూదులు 32 శాతం, జీవిత భాగస్వామి యూదులు కానివారిలో అయితే 71 శాతం. సనాతన రబ్బీలు, మధ్యేమార్గపు కన్సర్వేటివ్ రబ్బీలు ఇలాంటి పెళ్లిళ్లు జరిపించరు. సంస్కరణవాద ఉద్యమం వేరే దారి పట్టింది. 1978లో దాని నాయకుడు అలెగ్జాండర్ షిండ్లర్ ఈ జంటలను దూరం పెట్టకుండా దగ్గరికి తీసుకోవాలని పిలుపునిచ్చాడు. తల్లి యూదు కాకపోయినా, తండ్రి యూదుడై, పిల్లలు యూదు జీవితంలో పెరిగితే వాళ్లను యూదులుగా గుర్తిస్తామని 1983లో ఆ ఉద్యమపు రబ్బీలు తీర్మానించారు.

హనుక్కా ఈ ఇళ్లలో ఎందుకు నిలదొక్కుకుందో చెప్పడం కష్టం కాదు. రబ్బీ అక్కర్లేదు, సినగాగ్‌కు పోనక్కర్లేదు, ఉపవాసం లేదు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, పిల్లలకు నిప్పు, తీపి, ఆట మూడూ ఉంటాయి. హీబ్రూ రాని అల్లుడైనా, కోడలైనా కొవ్వొత్తి పట్టుకుని నిలబడవచ్చు. ఏ నియమాల లెక్కలో ఇది చిన్న పండుగో ఆ నియమాల సడలింపే దీన్ని పెద్దది చేసింది.

ఇంట్లో రోజువారీ తేల్చుకోవలసినవి మాత్రం చిన్న సంగతులే. చెట్టు పెడితే దాన్ని క్రిస్మస్ చెట్టు అనాలా, కొన్ని ఇళ్లలో అన్నట్టు ‘హనుక్కా పొద’ అనాలా? కానుకలు ఏ రోజు విప్పాలి? కొన్ని కుటుంబాలు హనుక్కా తమ ఇంట్లో, క్రిస్మస్ అవ్వాతాతల ఇంట్లో అని పంచుకుంటాయి. కొన్ని ఒక పండుగనే ఎంచుకుంటాయి. కొన్ని రెండూ చేస్తాయిగానీ రెండింటినీ కలపవు. 2013లో హనుక్కా మొదటి పగలు అమెరికన్ల థ్యాంక్స్‌గివింగ్ రోజున, 2024లో మొదటి రాత్రి క్రిస్మస్ రోజున పడ్డాయి. అలాంటి ఏడు వేళల పంపకం కుదరదు. ఒకే గదిలో చెట్టూ దీపమూ పక్కపక్కన ఉండక తప్పదు.

కలిపేసిన పేరు కూడా ఒకటి పుట్టింది. 2003 డిసెంబరులో ‘ది ఓసీ’ అనే టీవీ ధారావాహికలో యూదు తండ్రి, క్రైస్తవ తల్లి ఉన్న కుర్రవాడు తన ఇంటి పండుగను ‘క్రిస్‌ముక్కా’ అన్నాడు. పేరు బజారుకెక్కింది, గ్రీటింగ్ కార్డులు వచ్చాయి, రెండు మతాల పెద్దల నుంచీ మందలింపులు వచ్చాయి. వారి అభ్యంతరంలో బలం లేకపోలేదు. ఒక పండుగ దేవుడు మనిషిగా పుట్టాడంటుంది, రెండోది కలిసిపోవడాన్ని కాదన్నవారి జ్ఞాపకం. ఆ రెండింటినీ ఒక బొమ్మల దుకాణంలో కలిపితే రెండూ పలచబడతాయి. కానీ మతాంతర కుటుంబాలను దగ్గరగా చూసిన సమీరా మెహతా 2018 నాటి ‘బియాండ్ క్రిస్‌ముక్కా’ చదివితే, ఆ దుకాణం వెనుక ఉన్న ఇళ్లు వేరుగా కనిపిస్తాయి. ఏది ఉంచాలి, ఏది వదలాలి, పిల్లలకు ఏమని చెప్పాలి అని ఈ తల్లిదండ్రులు పడే తర్జనభర్జన, ఏ ప్రశ్నా లేకుండా ఆచారం పాటించే ఇంట్లో కనిపించదు. మక్కబీ కథ చెప్పేటప్పుడు ఇది ఇంకా గుచ్చుకుంటుంది. పరాయి పద్ధతులను తోసేసిన వీరుల గురించి, పిల్లవాడి తల్లో తండ్రో ఆ ‘పరాయి’ వైపు నుంచి వచ్చి పక్కనే కూర్చుని ఉండగా ఎలా చెప్పాలి? అందుకే చాలా ఇళ్లలో కథ మత స్వేచ్ఛ వైపు, ఆరని వెలుగు వైపు ఒరుగుతుంది. తల్మూదు రబ్బీలు చేసిన ఎంపికా అలాంటిదే.

ఆ రబ్బీలు దీపం దారిన పోయేవారికి కనిపించాలన్నారు. ఈ ఇళ్లలో ఆ దారినపోయే మనిషి గడప దాటి లోపలికి వచ్చి, కుటుంబమైపోయాడు.

క్రైస్తవ కుటుంబాలతోనే ఈ కలయిక ఆగలేదు. 2021లో అప్పటి అమెరికా ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ అధికార నివాసం గుమ్మానికి తొలిసారి మెజూజా, అంటే యూదులు గుమ్మానికి పెట్టుకునే లేఖన వాక్యాల చిన్న పెట్టె, బిగించారు, ఆ డిసెంబరులో హనుక్కా దీపాలూ వెలిగాయి. ఆమె భర్త డగ్ ఎమ్‌హాఫ్ యూదుడు. ఆమె తల్లి చెన్నైలో పుట్టిన తమిళ హిందూ మహిళ, హారిస్ బాప్టిస్టు చర్చికి వెళ్తారు.

ఇజ్రాయెల్‌లో

ఇక్కడ నూనెకన్నా కత్తి కథ ముందుకొచ్చింది. దేశ నిర్మాణ తరం మక్కబీయులలో తమను చూసుకుంది. 1932లో మొదలైన యూదుల అంతర్జాతీయ క్రీడోత్సవానికి ‘మక్కబియా’ అని పేరు పెట్టారు, మోదీన్ నుంచి కాగడా పరుగు పెట్టారు. జామ్ నింపి వేయించే ‘సూఫ్గనియా’ను 1920లలో కార్మిక సమాఖ్య హిస్తద్రుత్ ప్రోత్సహించింది. లాట్కె ఎవరింట్లోవారు వేసుకోగలరు, సూఫ్గనియా చేయాలంటే బేకరీలో పనివాళ్లు కావాలి. హైఫాలో యూదు, క్రైస్తవ, ముస్లిం పండుగలను కలిపి డిసెంబరులో ‘పండుగల పండుగ’ చేస్తారు. దాని వేదిక అరబ్బుల పేట వాదీ నిస్నాస్.

భారతదేశంలో

కొంకణ తీరపు బెనే ఇజ్రాయెల్ యూదులది ఒకప్పుడు గానుగ ఆడించి నూనె తీసే వృత్తి. శనివారం గానుగ కట్టేవారు కాదు గనక ఇరుగుపొరుగువారు వాళ్లను ‘శనివార్ తేలీ’ అనేవారు. తరతరాలు నూనె తీసిన ఈ సమాజానికి నూనె పండుగ మాత్రం మొదట్లో తెలియదు. తమ పూర్వీకులు హనుక్కా పుట్టకముందే భారతదేశానికి ఓడ ఎక్కారన్నదానికి దీన్నే సాక్ష్యంగా వారు చూపుతారు. కొచ్చి, బాగ్దాదు యూదులతో పరిచయం పెరిగాక 18, 19 శతాబ్దాల్లో హనుక్కా వాళ్ల ఇళ్లకు చేరింది. ఇటీవలి కాలంలో ముంబైలోని గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర ఖబాద్ వారు పెద్ద దీపస్తంభం వెలిగించారు. 2008 నవంబరు దాడుల్లో రబ్బీని, ఆయన భార్యను పోగొట్టుకున్న నారీమన్ హౌస్ వారిదే.

తెలుగు మాట్లాడే యూదులూ ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అని తమను చెప్పుకునే సమాజం 1990ల తొలినాళ్ల నుంచి సొంత సినగాగ్‌లో సబ్బాతు పాటిస్తోంది. ఒకప్పుడు క్రైస్తవులుగా ఉన్న మాదిగ కుటుంబాల నుంచి ఏర్పడిన ఈ సమాజం గురించి యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ 2013లో ఒక పుస్తకమే రాశారు.

ముంబైలో, ఇజ్రాయెల్‌కు వలస వెళ్లిన ఊళ్లలో, బెనే ఇజ్రాయెల్ ఇళ్లలో హనుక్కా దీపం గోడకు తగిలించే చెక్కపలక రూపంలో కనిపిస్తుంది. దావీదు నక్షత్రం ఆకారం చుట్టూ గాజు గిన్నెలు బిగించి, కొబ్బరినూనె పోసి, వత్తి వేసి ముట్టిస్తారు.